తిస్సీ పూసిన సబ్బుపెట్టె

మా నాన్న చేతిలో తయారైన వస్తువులన్నిటిలోకీ గొప్పది ఒక సబ్బుపెట్టె. ప్రయాణాల్లో సబ్బు పెట్టుకుంటామే, ఆ రెండు మూతల ప్లాస్టిక్ డబ్బా. దాన్లో ఒక చిన్న మైకు, మూడు ట్రాన్సిస్టర్లు, రెండు పెన్సిల్ బ్యాటరీలు, బయటికి ఒక వైరు, వైరు చివర చెవిలో పెట్టుకునే బిళ్ళ. వినికిడి తగ్గినవాళ్ళు దాన్ని జేబులో వేసుకుంటే ఎదుటివాళ్ళ మాట వినబడేది. విదేశీ సరుకు దేశంలోకి రాని కాలం అది. వినికిడి యంత్రం కావాలంటే బ్యాంకాక్ వెళ్ళాలి, బ్యాంకాక్ వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టు కావాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. అందుకని రంగూన్‌లో చెవులు మొరాయించిన వాళ్ళు చాలామంది మా నాన్నని వెతుక్కుంటూ వచ్చేవారు.

నాన్న అసలు పని రేడియోలు బాగుచేయడం. చౌక్తడాలో కోర్టు గుమాస్తాలు నడిచే ఒక వీధిలో, పాత మేడ మెట్ల కింద, ఒక బల్ల, ఒక స్టూలు వేసుకుని కూర్చునేవాడు. మా ఇల్లు బోటాటౌంగ్‌లో, రేవుకి దగ్గర్లో, మూడో అంతస్తులో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఆ రేవులోనే మూటలు మోశాడు. అమ్మ పుట్టింటివాళ్ళూ రేవు మనుషులే. యుద్ధకాలంలో రేవు మీద బాంబులు పడ్డప్పుడు అమ్మ చిన్నపిల్ల. ప్రాణం దక్కింది కానీ చెవులు చాలావరకూ పోయాయి.

మొదటి సబ్బుపెట్టె అమ్మ కోసమే చేశాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళకి, అమ్మ దాన్ని చెవిలో పెట్టుకుని మొట్టమొదట అన్న మాట ఇది: "నీ గొంతు ఇంత సన్నంగుంటాదా? నానింకా బొంగురనుకున్నాను." ఆ మాటకి నాన్న చాలారోజులు ఉడుక్కున్నాడు. అసలు నష్టం తర్వాత మొదలైంది. ఇద్దరికీ గొడవ వచ్చినప్పుడు, తనకి గిట్టని మాట రాబోతోందని కనిపెట్టగానే అమ్మ నడుము దగ్గర చెయ్యి పెట్టి టక్కుమని స్విచ్చి కట్టేసేది. తన మాట పెళ్ళాం వినకుండా ఉండడానికి కావలసిన యంత్రాన్ని స్వయంగా చేసిచ్చిన మొగుడు ఈ లోకంలో మా నాన్న ఒక్కడే అయ్యుంటాడు.

ఆ పెట్టె విషయంలో నాన్నకి ఒకటే భయం. ఎవడైనా కొనుక్కుని, విప్పి, లోపలేముందో చూసి, అలాంటివే చేసి అమ్మేస్తాడని. రేడియో పని చాలామందికి వచ్చు. కానీ దొరికే నాలుగు ముక్కలతోనే మనిషి గొంతు స్పష్టంగా వినిపించేలా చేయడం నాన్న ఒక్కడికే తెలుసు, దానికి మూడేళ్ళు పట్టింది. "మనకీ ఊర్లో బూమి నేదు, సర్కారు ఉజ్జోగం నేదు. ఉన్నయ్యల్లా ఈ మూడుకాళ్ళ పురుగులే. ఇయ్యి ఎవుడికీ సూపకూడదు" అనేవాడు. మూడుకాళ్ళ పురుగులంటే ట్రాన్సిస్టర్లు.

కాబట్టి ముందు వాటి తల మీద అచ్చువేసిన నంబర్లని గరుకుకాగితంతో గీకేసేవాడు. నంబరు పోతే ఏ రకమో తెలియదు. నున్నటి నల్లటి తలలు, అంతే. ఆ పైన ఎవరికీ చెప్పని ఇంకేవో ఎత్తులు ఉండేవి. చివరికి వీటన్నిటి మీదా తిస్సీ పోసేవాడు. తిస్సీ అంటే ఒక చెట్టు పాలు. బర్మావాళ్ళు వెదురు గిన్నెల మీద నల్లగా నిగనిగలాడేలా పూసేది అదే. దానిలో ఊకబూడిద కలిపి, పొర మీద పొర పూసి, ఒక్కో పొరని వారం రోజులపాటు మా ఇంట్లో నీళ్ళ జాడీల వెనక చెమ్మలో ఆరబెట్టేవాడు. తిస్సీ ఎండలో ఆరదు, చెమ్మలోనే గట్టిపడుతుంది. అలా అయిదు వారాలు. ఆరాక అది రాయి. ఉలి పెట్టి కొడితే పెచ్చుతోపాటు లోపలి ముక్కలూ ఊడొస్తాయి.

నేను పదేళ్ళప్పటి నుంచి ఆ బల్ల పక్కనే పెరిగాను. టంకం వేయడం అన్నం తినడంతోపాటే నేర్చుకున్నాను. కానీ సబ్బుపెట్టెలో ఏ నంబర్లు వాడతాడో నాకూ చెప్పలేదు. అడిగితే, "నీకు తెలిస్తే ఎవుడో ఒకడు అడుగుతాడు, నువ్వు సెప్పీగలవు. తెలకపోతే బెంగే నేదు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. నేనంటే నమ్మకం లేదని కాదట, నా మంచికేనట. మంచి చేసేవాళ్ళతో వాదించడమంత కష్టం ఇంకోటి లేదు.

నాన్న బల్లకి ఎదురుగా, వీధికి అవతలి పక్క, ఇంకో రేడియో దుకాణం ఉండేది. ఆయన బర్మా ఆయన, నాన్న కన్నా పదేళ్ళు పెద్ద. బర్మా భాషలో బాబాయిని పిలిచినట్టు నేను ఆయన్ని ఊలే అనేదాన్ని. ఒకరోజు పొద్దున్న ఊలే దుకాణం తెరవడానికి వచ్చేసరికి ముఖం గుమ్మడిపండులా వాచి ఉంది. కళ్ళు గీతల్లా ఉన్నాయి. చేతుల నిండా దద్దుర్లు. నాన్న చూసి నవ్వాడు, వెంటనే ఆపేశాడు. పచ్చి తిస్సీ ముట్టుకుంటే అలాగే వాస్తుంది. సబ్బుపెట్టె మధ్యలో మందంగా పోసిన చోట తిస్సీ సరిగా ఆరదని నాన్నకి తెలుసు. అంటే ఊలే పెట్టె విప్పాడన్నమాట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే, అమ్మ స్విచ్చి కట్టకుండా మొత్తం విన్నది. విని, లేచి, బర్మా ఆడవాళ్ళు చలవకని ముఖానికి పూసుకునే తనఖా చెక్కని రాతి మీద అరగదీసి ఆ గంధాన్ని పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చింది. "దొంగోడికి మందేటే" అన్నాడు నాన్న. "మొకం వాసినోడికి మందు" అంది అమ్మ. మర్నాడు నేను పట్టుకెళ్తే ఊలే నా ముఖం చూడకుండా పళ్ళెం అందుకున్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా ఇంట్లో ఆయన పేరు దొంగ ఊలే.

ఎనభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో నాన్న మౌల్మీన్ వెళ్ళాడు. అక్కడి మనవాళ్ళ గుడిలో మైకు పాడైందని కబురొచ్చింది. మూడు రోజుల్లో వచ్చేస్తానని చెప్పి, పనిముట్ల సంచీ, మీటరు పట్టుకుని రైలెక్కాడు. ఆ వారంలోనే ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. విద్యార్థులు, తర్వాత ఆఫీసు గుమాస్తాలు, రేవు కూలీలు, చివరికి సన్యాసులూ. మా బాల్కనీ కింద నుంచి ఊరేగింపులు వెళ్తుంటే అమ్మ సబ్బుపెట్టెని పైకెత్తి పట్టుకుని, ఏటంతన్నారు, ఏటంతన్నారు అని అడుగుతూ మొత్తం విన్నది. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు, కాలేజీ మూసేశారు, నేనూ రెండుసార్లు వాళ్ళ వెనక నడిచాను. రైళ్ళు ఆగిపోయాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. నాన్న ఏమయ్యాడో తెలియదు.

తర్వాత సైన్యం వచ్చింది. సంబరమంతా ఒక్కరోజులో అణిగిపోయింది. మా వీధి చివర ఇసుకబస్తాలు పేర్చి, తుపాకులతో నిలబడ్డారు. ఆగమంటే ఆగాలి. ఆగకపోతే ఏమవుతుందో పక్కవీధిలో మేమందరం చూశాం. దాని గురించి ఇక్కడ రాయను.

సరిగ్గా ఆ వారమే అమ్మ బియ్యం కడుగుతూ వంగింది, నడుము దగ్గర లుంగీలో దోపుకున్న సబ్బుపెట్టె జారి కుడితి నీళ్ళలో పడింది. తీసి, తుడిచి, బాల్కనీలో ఆరబెట్టి, బ్యాటరీలు మార్చి చూశాం. లోపల నుంచి చిన్న గర్‌ర్‌మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

కరెంటు లేక మేడ మీదికి నీళ్ళు ఎక్కడంలేదు. కింద సందులో ఉన్న కుళాయి నుంచి మోసుకోవాలి, ఆ సందుకి వెళ్ళాలంటే ఇసుకబస్తాల ముందు నుంచే వెళ్ళాలి. నేనే తెస్తాను, నువ్వు కదలకు అని అమ్మకి చేతులతో, పెదాలతో, పలక మీద బొమ్మలతో చెప్పాను. వెనక నుంచి సైనికుడు అరుస్తాడు, నీకు వినబడదు, నువ్వు నడుస్తూ పోతావు అని బొమ్మ గీసి చూపించాను. అమ్మ ఆ బొమ్మని శ్రద్ధగా చూసి, "నాకు కళ్ళున్నాయి గదేటే" అంది. ఆవిడ ఒకచోట కూర్చునే మనిషి కాదు. నేను స్నానానికి వెళ్తే చాలు, డబ్బా పట్టుకుని మెట్లు దిగిపోయేది. ఒకసారి తడిబట్టలతో పరిగెత్తి మొదటి అంతస్తులో పట్టుకున్నాను. తలుపుకి తాళం వేశాను. ఆ రోజంతా నా మీద అలిగి అన్నం తినలేదు. అమ్మని ఇంట్లో తాళం వేసి ఉంచినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇక పెట్టె విప్పడం తప్ప దారి లేదు. టంకం కడ్డీని బొగ్గుల పొయ్యిలో వేడిచేసి, తిస్సీని కొద్దికొద్దిగా మాడ్చి, సూదితో గీరుతూ, ఒక రోజంతా తవ్వాను. మధ్యలో మెత్తగా ఉన్నచోట చేతికి తగిలి వేళ్ళన్నీ దురదలు. చివరికి బయటపడినవి చూస్తే మూడు కాదు, ఐదు తలలు. ఐదింటికీ నంబర్లు గీకేసి ఉన్నాయి. సొంత పెళ్ళాం చెవిలో పెట్టుకునే పెట్టెకి కూడా గీకేశాడు మహానుభావుడు. మా ఇంట్లో ఎవరు దొంగతనం చేస్తారనుకున్నాడో.

ఏ ముక్క చెడిందో చూపించే మీటరు నాన్నతో వెళ్ళిపోయింది. పాత రేడియోల నుంచి ట్రాన్సిస్టర్లు పీకి ఒక్కొక్కటే మార్చి చూశాను. ఒకటి మారిస్తే ఏమీ లేదు. ఇంకోటి మారిస్తే కుక్కపిల్ల తోక తొక్కినట్టు కుయ్యిమని అరిచింది, అమ్మ బిళ్ళ తీసి విసిరేసింది. మరో రోజు గడిచింది. పక్కగదిలో అమ్మ అలకతో గోడవైపు తిరిగి కూర్చుంది, ఇక్కడ నేను నాన్నని నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. మౌల్మీన్‌లో బతికి ఉన్నాడో లేదో తెలియని మనిషిని తిడుతున్నానని గుర్తొచ్చి, ఏడ్చి, మళ్ళీ తిట్టాను.

నాలుగోరోజు పొద్దున్న పెట్టెని గుడ్డలో చుట్టి దొంగ ఊలే దగ్గరికి బయల్దేరాను. అమ్మని కింది అంతస్తు ఆవిడకి అప్పగించాను. చౌక్తడాలో దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. ఊలే తన దుకాణం పైనే ఉంటాడు. తలుపు తీసి, నన్ను చూసి, నా చేతులు చూశాడు. దద్దుర్లు.

"తిస్సీ" అన్నాడు.

"అవును ఊలే."

గుడ్డ విప్పి పెట్టె బల్ల మీద పెట్టాను. అమ్మది అని చెప్పాను, ఇసుకబస్తాల సంగతి చెప్పాను. ఆయన కాసేపు పెట్టెని ముట్టుకోలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, ఒక పాత క్యాలెండరు వెనక గీసిన బొమ్మ తెచ్చి పరిచాడు. మా నాన్న సబ్బుపెట్టె మొత్తం అందులో ఉంది, ప్రతి తీగా, ప్రతి కాలూ.

"ఈ రెండూ ఉత్తివి" అన్నాడు, రెండు తలల మీద వేలు పెట్టి. "కాళ్ళు కలిసినట్టే ఉంటాయి, కింద తెగ్గొట్టాడు. నాకు ఇది కనిపెట్టడానికే నెల పట్టింది. మిగతా మూడింట్లో మధ్యది తిరగేసిన జాతిది, కరెంటు ఎదురుదిక్కుకి పారే రకం. నువ్వు మామూలుది పెట్టి ఉంటావు, అందుకే కుయ్యిమంది."

నేను రోజంతా మార్చి మార్చి చూసినవాటిలో రెండు ఉత్తివన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు నోరు ఊరుకోదు, అడిగేశాను.

"ఆరేళ్ళుగా ఈ బొమ్మ మీ దగ్గర ఉంది. మరి ఒక్కటి కూడా ఎందుకు చేసి అమ్మలేదు?"

"అమ్మడానికి కాదు కదా విప్పింది" అన్నాడు ఊలే. "మా అక్క కోసం ఒకటి కొన్నాను. నేను కొంటే మీ నాన్న ముందు చిన్నతనమని ఇంకొకరి చేత కొనిపించాను. వాన తగిలి అది ఆగిపోయింది. బాగుచేయించడానికి వీధి దాటి మీ నాన్న బల్ల దగ్గరికి రాలేకపోయాను. రేడియోలు బాగుచేసేవాడినే కదా, నేనే చేసుకుంటాననుకున్నాను. నంబర్లు లేవు. మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ అక్కకి ఏమీ వినబడలేదు."

నేను పెట్టెని ఆయన వైపు జరిపాను.

"ముఖం వాచినప్పుడు తనఖా పంపింది మీ అమ్మగారే కదూ" అన్నాడు. "ఇలా కూర్చో. టంకం నువ్వు వెయ్యి, నా కళ్ళు ఆనడంలేదు. మీ నాన్నకి మాత్రం ఈ బొమ్మ సంగతి చెప్పకు."

ఆయన డబ్బాల్లోంచి ఏరి ఇచ్చాడు, నేను అతికాను. చెడిపోయింది ఆ మధ్యదే. గంటలో అయిపోయింది. చెవిలో పెట్టుకుని చూస్తే, ఊలే ఊపిరి తీసే చప్పుడు నాకు వినబడింది.

ఇంటికొచ్చి అమ్మ చెవిలో బిళ్ళ పెట్టాను. మొదట పెదవి విరిచింది. తర్వాత, "కింద ఎవులో పిల్లోడు ఏడుస్తన్నాడు" అంది. అలిగాక నాతో మాట్లాడిన మొదటి మాట అదే. తలుపు తాళం తీసి, తాళంచెవిని బల్ల మీద పెట్టేశాను.

రెండోరోజు నేను బట్టలు ఆరేస్తున్నప్పుడు బాల్కనీ నుంచి చూశాను. అమ్మ నీళ్ళ డబ్బాతో సందులోంచి వస్తోంది. ఇసుకబస్తాలు దాటింది. వెనక నుంచి ఒక సైనికుడు ఆగమని అరిచాడు. మూడో అంతస్తుకి కూడా వినబడింది. నా చేతిలోని బట్ట కింద పడిపోయింది.

అమ్మ ఆగింది.

డబ్బా కింద పెట్టి, మెల్లగా వెనక్కి తిరిగింది. అతను దగ్గరికొచ్చి ఏదో అడిగాడు, ఆవిడ మూత తీసి చూపించింది, ఏదో చెప్పింది, చెవి వైరు చూపించి ఇంకా ఏదో చెప్పింది. ఆవిడ చెప్పడం మొదలుపెడితే అంత తొందరగా ఆగదు. చివరికి అతనే పొమ్మని చెయ్యి ఊపాడు. నేను మెట్ల మీదికి పరిగెత్తి, డబ్బా లాక్కుని, అమ్మని పట్టుకుని వదల్లేదు.

"ఏటే, ఏటయింది" అంది. "ఆ కుర్రోడికి జలుబు సేసీసింది. మాట ముక్కులోంచొస్తంది పాపం."

నాన్న ఏడు వారాల తర్వాత వచ్చాడు. ఏ పడవలో ఎక్కాడో, ఎంత నడిచాడో, గడ్డం పెరిగి, సగం మనిషై వచ్చాడు. అమ్మ అతన్ని కూర్చోబెట్టి, తల నిమిరి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను రెండు రోజులు ఓపిక పట్టి తర్వాత చెబుదామనుకున్నాను. నా వల్ల కాలేదు. అక్కడే, ఒక్క గుక్కలో, కుడితి నీళ్ళ నుంచి ఇసుకబస్తాల దాకా, ఊలే చెప్పొద్దన్న బొమ్మ సంగతితో సహా మొత్తం చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. అరిస్తే తిరిగి అరవడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

నాన్న అరవలేదు. సబ్బుపెట్టె అడిగి తీసుకుని, మూత తెరిచి, నా టంకాన్ని చాలాసేపు చూశాడు.

"ఆయన అక్కకి ఎన్నాళ్ళు ఇనబళ్ళేదన్నావు?"

"మూడు నెలలు."

"మీయమ్మకి?"

"నాలుగు రోజులు."

నాన్న ముఖం కిందికి దించుకున్నాడు. భుజాలు కదిలాయి. నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. ఆ మనిషి మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాను.

"దొంగోడు దొంగోడని ఆరేళ్ళు తిట్టాను తల్లీ" అన్నాడు. "ముసిల్దానికి ఇనబడకుండా సేసింది నాను."

అమ్మ టీ కప్పు తెచ్చి అతని ముందు పెట్టి, అతని కళ్ళు చూసి, అక్కడే కూర్చుంది. స్విచ్చి కట్టలేదు. నాన్న కళ్ళు తుడుచుకుని, "రాసుకో" అన్నాడు నాతో. నేను పెన్సిలు తీసుకున్నాను. ఊలే బొమ్మ ఉండగా నాకు ఆ నంబర్లతో పని లేదు, కానీ ఆ మాట అనలేదు. అతని నోటి నుంచి వినాలని నాకు పదేళ్ళుగా ఉంది. మొదటి దాని నంబరు చెప్పాడు. రెండోది చెప్పాడు, అది తిరగేసిన జాతిదని కూడా చెప్పాడు. మూడోది చెప్పాడు. కప్పులోంచి ఇంకా పొగలు వస్తూనే ఉన్నాయి.

"ఇంతేనా నాన్నా?"

"ఇంతేనే తల్లీ."